సూపర్ మారియో 64 డీకంపైలేషన్ ప్రాజెక్టుకు విండోస్ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ ఎన్విరాన్‌మెంట్ ఎలా సిద్ధం చేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మారతహళ్లిలో పీజీలో ఉంటున్నారు, 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ ఉంది, సూపర్ మారియో 64 (నింటెండో 64 ఆట) డీకంపైలేషన్ సోర్సు, అంటే ఆట యంత్రభాష నుంచి తిరిగి రాబట్టిన సీ భాషా కోడు, దించుకుని మేక్ (సోర్సును కంపైల్ చేయించే బిల్డ్ పరికరం) నడిపితే మొదట్లోనే ఆగిపోతోంది. విండోస్ తీసేసి లినక్స్ వేయాలా, ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారుకు వెళ్లి ర్యామ్ పెంచుకోవాలా అని అడిగారు. రెండూ అక్కర్లేదు. నేనూ బెంగళూరులోనే ఉంటూ ఇంచుమించు ఇలాంటి ల్యాప్‌టాప్ మీదే ఈ పని చేస్తున్నాను, మా ఆఫీసులో ఇద్దరు తెలుగు కుర్రాళ్లకు పక్కన కూర్చుని ఇదే ఏర్పాటు చేయించాను.

అన్నిటికంటే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఇక్కడ ఆట నడిస్తే పని అయిపోయినట్టు కాదు. 1996లో విడుదలైన ఆట బైనరీకి (యంత్రం నేరుగా నడిపే ఫైలుకు), మన దగ్గరున్న సీ సోర్సు నుంచి పుట్టే బైనరీకి మధ్య ఒక్క బైటు కూడా తేడా ఉండకూడదు. అందుకే ఆనాటి కంపైలరే కావాలి: సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఐడీఓ 5.3. అది ఐరిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే మిప్స్ ప్రాసెసర్ వర్క్‌స్టేషన్ల కోసం తయారైన కంపైలర్ కాబట్టి మొదట్లో ఎమ్యులేటర్ సాయంతో నడిపేవారు. ఇప్పుడు దాని మెషీన్ కోడునే సీలోకి మార్చి, మన కంప్యూటర్ల కోసం మళ్లీ కంపైల్ చేసిన రూపాన్ని వాడుతున్నారు. దాని బదులు కొత్త జీసీసీ కంపైలర్‌తో కట్టినా ఆట నడుస్తుంది గానీ బైట్లు కలవవు. అమెరికా వెర్షన్‌లో ఆట కోడు చాలావరకు ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ అయింది కనుక, ఎవరూ వాడని లోకల్ వేరియబుల్‌కు కూడా స్టాక్‌లో (ఫంక్షన్ నడిచేటప్పుడు వాడుకునే మెమరీలో) చోటు దక్కింది. సోర్సు తెరిస్తే ‘అన్‌యూజ్డ్’ అని గుర్తుపెట్టిన వరుసలు చాలా చోట్ల కనిపిస్తాయి. చెత్తలా ఉన్నాయని తీసేస్తే ఫంక్షన్ స్టాక్ పరిమాణం మారిపోయి హ్యాష్ (ఫైలు బైట్లన్నిటి నుంచి లెక్కించే గుర్తింపు సంఖ్య) తప్పుతుంది. ఆ వరుసలను కనిపెట్టి నిలిపినవాళ్ల ఓర్పు మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

ఇక మీ ల్యాప్‌టాప్ సంగతి. విండోస్ లోపలే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్ 2లో ఉబుంటు లినక్స్ వేసుకోండి, చాలు. బిల్డ్-ఎసెన్షియల్, మిప్స్ బైన్యుటిల్స్, గిట్, పైథాన్ 3, క్యాప్‌స్టోన్ లైబ్రరీ, పీకేజీకాన్ఫ్ కావాలి. అన్నీ ఉబుంటు ప్యాకేజీలుగానే దొరుకుతాయి. మీరు పెట్టిన ఎర్రర్‌లో పైథాన్ 3 పేరు వెనకాల ఒక అనవసరపు అక్షరం అతుక్కుని, అలాంటి ఫైలే లేదని వస్తోంది. సోర్సును విండోస్ గిట్‌తో దించుకున్నందువల్ల వరుసల చివరలు విండోస్ పద్ధతికి మారిపోయాయి, ఉబుంటు వాటిని చదవలేక ఆగుతోంది. ఆ ఫోల్డర్‌ను బాగుచేసే ప్రయత్నం చేయవద్దు. దాన్ని తొలగించి, ఉబుంటు టెర్మినల్‌లోనే, ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లో గిట్‌తో కొత్తగా క్లోన్ చేయండి (దించుకోండి). సీ డ్రైవ్‌లో పెడితే ప్రతి చిన్న ఫైలూ రెండు సిస్టమ్‌ల మధ్య వంతెన దాటి రావాలి కాబట్టి బిల్డ్ నత్తనడక నడుస్తుంది. దారిలో ఏ ఫోల్డర్ పేరులోనూ ఖాళీ ఉండకూడదు, మేక్ అక్కడ తడబడుతుంది. పీజీ వైఫై మధ్యలో తెగిపోతుంటే, డెప్త్ 1 అని ఇచ్చి చరిత్ర లేకుండా తాజా సోర్సు మాత్రం తెచ్చుకోవచ్చు.

తరువాత రామ్ (ఆర్‌ఓఎం) ఫైలు, అంటే ఆట కార్ట్రిడ్జ్‌లోని డేటా నకలు. ప్రాజెక్టులో ఆట బొమ్మలు, శబ్దాలు ఉండవు. వాటిని మీ సొంత కార్ట్రిడ్జ్ నుంచి తీసిన ఫైలులోంచే అది రాబట్టుకుంటుంది. నా కార్ట్రిడ్జ్ డాలస్ నుంచి మా బావగారు తెచ్చినది, అందుకే అమెరికా వెర్షన్ కడుతున్నాను. ఆ ఫైలును ‘బేస్‌రామ్.యుఎస్.జెడ్64’ అనే పేరుతో ప్రాజెక్టు మొదటి ఫోల్డర్‌లో పెట్టాలి, ఎన్నడూ గిట్‌లోకి ఎక్కించకూడదు. హ్యాష్ తప్పని ఎర్రర్ వస్తే మొదటి నాలుగు బైట్లు చూడండి. 80 37 12 40 ఉంటే వరుస సరైనదే. 37 80 40 12 ఉంటే బైట్లు జంటలుగా తారుమారైన వీ64 రూపం, 40 12 37 80 ఉంటే పూర్తిగా తిరగబడిన ఎన్64 రూపం. పేరు చివర జెడ్64 అని మార్చినంత మాత్రాన లోపలి వరుస మారదు, కన్వర్టర్‌తో మార్చాలి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి: ఫైలు బైట్లను చూపే హెక్స్‌డంప్‌ను ‘మైనస్ పెద్ద సీ’ లేకుండా నడిపితే అది రెండేసి బైట్లను తిప్పి చూపిస్తుంది, సరైన ఫైలు కూడా 3780 4012 అని కనిపిస్తుంది. దాన్ని నమ్మి మంచి ఫైలును మార్చి పాడుచేసుకోవద్దు.

ఆ తరువాత వెర్షన్ యుఎస్ అని చెప్పి మేక్ నడపడమే. ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పే ‘మైనస్ జె’ పక్కన 4 అని అంకె తప్పక ఇవ్వండి. అంకె లేకపోతే మేక్ హద్దు లేకుండా పనులు మొదలుపెడుతుంది. డబ్ల్యూఎస్‌ఎల్ మామూలుగా మీ 8 జీబీలో సగమే వాడుకుంటుంది, ఈ బిల్డ్‌కు ఆ సగం సరిపోతుంది. చివర ఫైలు పేరు పక్కన ‘ఓకే’ అని వస్తే మీ ఎన్విరాన్‌మెంట్ సిద్ధమైనట్టే. అది రాకముందు సోర్సులో ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దు, లేకపోతే తప్పు మీ మార్పుదో యంత్రానిదో తేల్చలేరు. ఓకే వచ్చాక ఆటలో మారియో దూకే ఎత్తు లాంటివి మార్చుకోదలిస్తే వేరే బ్రాంచిలో చేయండి. అక్కడ హ్యాష్ కలవదు కాబట్టి మేక్‌కు ‘కంపేర్’ విలువ 0 అని ఇవ్వాలి.

ఇంత చేసినా ఆగిపోతే, మైనస్ జె లేకుండా ఒకసారి నడిపి, వచ్చిన మొదటి ఎర్రర్‌ను పూర్తిగా ఇక్కడ పెట్టండి. నాలుగు పనులు ఒకేసారి నడిచినప్పుడు తెర మీద మిగిలే చివరి వరుసకు అసలు కారణంతో సంబంధం ఉండకపోవచ్చు.