పిల్లల ప్రోగ్రామే కదా అని వదులుకోకు

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండేళ్లుగా స్కిట్లు రాస్తున్నావు, ఇంతవరకు ఒక్కదానికీ టైటిల్స్‌లో నీ పేరు పడలేదు, ఇప్పుడేమో సాయంత్రం పూట వచ్చే పిల్లల ప్రోగ్రామ్‌కి రాయమని పిలుపొచ్చింది. "అన్నా, నేను పెద్దవాళ్ల కోసం రాయాలనుకున్నవాణ్ణి, ఇది ఒప్పుకుంటే పిల్లల రైటర్ అని ముద్ర పడిపోదా" అని అడిగావు. ఒప్పుకో. రేపే ఫోన్ చేసి ఒప్పుకో. ఎందుకంటున్నానో చెప్పాలంటే నిన్ను కాసేపు 1960ల లండన్‌కి తీసుకెళ్లాలి. నీకు మాంటీ పైథాన్ అంటే ప్రాణం కాబట్టి విసుక్కోకుండా వింటావని నమ్మకం.

ఆరుగురి కామెడీ బృందం వాళ్లది. వాళ్ల షో 1969 అక్టోబర్ 5న బీబీసీలో మొదలైంది, మొత్తం 45 ఎపిసోడ్లు. అందరూ కథ అక్కణ్ణుంచే మొదలుపెడతారు, ఆ ఆరుగురూ ఆ రాత్రి ఊడిపడ్డట్టు. కానీ నాకు మాత్రం అంతకు ముందు మూడు నాలుగేళ్లే ఎక్కువ ఇష్టం. ఎవరికీ తెలియని, దొరికిన పనల్లా చేసిన రోజులవి. ఆ ఆరుగురిలో ఒకడైన మైఖేల్ పేలిన్‌కి టీవీలో మొదట దొరికిన పని ఏమిటో తెలుసా? వేల్స్‌కీ ఇంగ్లండ్ పడమటి వైపుకీ ప్రసారం చేసే ఒక కంపెనీలో పాప్ పాటల ప్రోగ్రామ్‌కి యాంకరింగ్.

1966లో బీబీసీలో డేవిడ్ ఫ్రాస్ట్ అనే యాంకర్ పేరు మీద 'ది ఫ్రాస్ట్ రిపోర్ట్' వచ్చింది. వారానికో విషయం తీసుకునేవాళ్లు. ఒక వారం అధికారం, ఇంకో వారం సెలవులు, ఇంకో వారం చదువు, అలా. ఆంటొనీ జే ఆ విషయం మీద ముందు ఒక వ్యాసం రాసి రైటర్లకి ఇచ్చేవాడు, దాన్ని పట్టుకుని వీళ్లు జోకులూ స్కెచ్‌లూ అల్లాలి. ఆ రైటర్ల గుంపులో లా చదివిన జాన్ క్లీస్, డాక్టరీ చదివిన గ్రాహం చాప్‌మన్, ఎరిక్ ఐడిల్, మైఖేల్ పేలిన్, టెర్రీ జోన్స్ ఐదుగురూ ఉన్నారు. క్లీస్ ఒక్కడే తెర మీద బాగా కనిపించేవాడు, మిగతావాళ్లది ఎక్కువగా కాగితం మీది పనే. వారం తిరిగేసరికి విషయం మారిపోతుంది, మూడ్ వచ్చేదాకా ఆగే వీలు లేదు. నువ్వు "ఆలోచన తట్టినప్పుడే రాస్తాను" అన్నావే, ఆ మాట ఈ షోలో ఒక్క వారం కూడా చెల్లేది కాదు.

ఆ షోలో ఒక చిన్న స్కెచ్ ఉంది, రాసింది మార్టీ ఫెల్డ్‌మన్, జాన్ లా. నిడివి రెండు నిమిషాల లోపే. ముగ్గురు మనుషులు వరసగా నిలబడతారు. ఎత్తుగా ఉండే క్లీస్ గుండ్రటి టోపీ పెట్టుకుని పైతరగతి మనిషి, మధ్యలో రోనీ బార్కర్ మధ్యతరగతి, చివర్న బాగా పొట్టిగా ఉండే రోనీ కార్బెట్ బట్ట టోపీతో కింది తరగతి. మధ్యవాడు పైవాణ్ణి తలెత్తి చూస్తాడు, కిందివాణ్ణి తల దించి చూస్తాడు. కిందివాడు ఇద్దర్నీ తలెత్తే చూస్తాడు. సెట్టు లేదు, కథ లేదు, ఎవరూ అడుగు కూడా కదపరు. ఇంగ్లండ్‌లో మనుషుల హెచ్చుతగ్గులన్నీ ఆ మూడు మెడల కదలికలో ఉన్నాయి. దీన్ని సౌండ్ ఆపేసి ఒకసారి చూడు. మాట వినపడకపోయినా నవ్వొస్తుంది, ఎందుకంటే రాసినవాళ్లు ముందు తమ చేతిలో ఉన్న ముగ్గురు నటుల ఎత్తులు చూసుకున్నారు. నువ్వు పంపిన మూడు స్కిట్లలో ఎవరు నటిస్తారో నువ్వు ఊహించుకోలేదని నాకు అనిపించింది. ఎవరి నోట్లో పెట్టినా ఒకేలా పలికే డైలాగులు అవి. ఇది నిన్ను బాధపెట్టడానికి అనడం లేదు, మొదట్లో నేనూ అలాగే రాశాను.

ఇప్పుడు నీ పిల్లల ప్రోగ్రామ్ సంగతికి వస్తాను.

1967 చివర్లో అక్కడి ప్రైవేటు ఛానల్ ఐటీవీలో 'డూ నాట్ అడ్జస్ట్ యువర్ సెట్' మొదలైంది. సాయంత్రం పూట, బడి నుంచి పిల్లలు ఇంటికొచ్చే వేళకి. ఐడిల్, పేలిన్, జోన్స్ రాసి నటించేవాళ్లు, పక్కన డెనీస్ కాఫీ, డేవిడ్ జేసన్. (జేసన్‌ని దేశమంతా గుర్తుపట్టడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.) మధ్యలో బోంజో డాగ్ బ్యాండ్ వచ్చి వింత వింత పాటలు వాయించేది. పిల్లలకి కదా అని వీళ్లు ఒక్క మెట్టు కూడా దిగి రాయలేదు. తమకి ఏది నవ్వు తెప్పిస్తే అదే రాశారు. పిల్లలు చూశారు సరే, పెద్దవాళ్లూ ఆ టైముకి టీవీ ముందు చేరడం మొదలుపెట్టారు. అలా చేరినవాళ్లలో క్లీస్, చాప్‌మన్ కూడా ఉన్నారు.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. అమెరికా నుంచి వచ్చిన టెర్రీ గిలియం, ఆ ఆరుగురిలో ఆరోవాడు, ఆ షోకి కాగితం బొమ్మలు కత్తిరించి కదిలించే చిన్న చిన్న యానిమేషన్లు చేశాడు. వాటిలో ఒకదానికి కథంటూ ఉండదు, ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మ, అందులోంచి మరొకటి జారుకుంటూ పోతాయి, ముగింపు జోకు కోసం ఎక్కడా ఆగవు. 1969 మార్చిలో స్పైక్ మిలిగన్ బీబీసీలో 'క్యూ5' అనే షో చేశాడు. (ఈ మిలిగన్ పుట్టింది మన అహ్మద్‌నగర్‌లో.) ఆయన స్కెచ్‌ని సగంలో వదిలేసి ఇంకోదాంట్లోకి దూకేవాడు. అది చూసిన టెర్రీ జోన్స్‌కి, మనం చేయాలనుకున్నది ఈయన చేసేశాడే అని ముందు గుండె జారింది, తర్వాత గిలియం యానిమేషన్ గుర్తొచ్చింది. షో మొత్తాన్నీ అలా నడిపితే? స్కెచ్‌కి చివర్న పంచ్ పెట్టి తీరాలని ఎవరు చెప్పారు? మాంటీ పైథాన్ నడక అక్కడే పుట్టింది. పిల్లల ప్రోగ్రామ్‌లో ఖాళీ నిమిషాలు నింపడానికి చేసిన కాగితం బొమ్మల దగ్గర. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. పిల్లల టైముకి వచ్చే షో కాబట్టే ఆ బొమ్మలతో అంత పిచ్చిగా ఆడుకోనిచ్చారని నా నమ్మకం. పెద్ద షోలో అయితే పది మంది పది సలహాలు చెప్పేవాళ్లు.

అదే ఏడాది మొదట్లో పేలిన్, జోన్స్ ఇద్దరూ కలిసి బ్రిటన్ చరిత్ర మీద ఒక షో చేశారు, ఆ కాలంలోనే టీవీ ఉండి ఉంటే ఎలా ఉండేదన్నది ఊహ. హేస్టింగ్స్ యుద్ధం అయిపోయాక గెలిచిన నార్మన్ సైనికులు ఫుట్‌బాల్ మ్యాచ్ ముగిసిన ఆటగాళ్లలా స్నానాలు చేస్తూ ఇంటర్వ్యూలిస్తారు. ఆరు ఎపిసోడ్లతో ఆగిపోయింది, రెండో సిరీస్ రాలేదు. కానీ దాన్ని చూసే క్లీస్ పేలిన్‌కి ఫోన్ చేశాడు, కలిసి ఏదైనా చేద్దామా అని. మే నెలలో లండన్ హాంప్‌స్టెడ్‌లో ఒక తందూరి హోటల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. బీబీసీ 13 ఎపిసోడ్లు ఇచ్చింది, షో ఏమిటో వీళ్లకే ఇంకా సరిగ్గా తెలియకముందే.

ఇక పేరు సంగతి. నీ ఉత్తరంలో ఎక్కువ నొప్పి ఉన్నది అక్కడే, నాకు తెలుసు. నా పేరు లేకుండా నా డైలాగులు తెర మీద వినపడినప్పుడు నేను పడ్డ బాధ ఇంకా పచ్చిగానే ఉంది, కాబట్టి అది చిన్న విషయమని అనను. కానీ రోనీ బార్కర్ ఏం చేశాడో విను. అప్పటికే ఆయన ఫ్రాస్ట్ షోలలో తెలిసిన ముఖం. 1968 ప్రాంతంలో జెరాల్డ్ వైలీ అనే ఎవరికీ తెలియని మనిషి పేరుతో తానే స్కెచ్‌లు రాసి పంపడం మొదలుపెట్టాడు. తన పేరు చూసి మొహమాటానికి తీసుకోకూడదు, బాగుంటేనే తీసుకోవాలి, అంతే. వైలీ ఎవరా అని యూనిట్ అంతా తలలు బద్దలుకొట్టుకుంది, ఫలానా పెద్ద నాటక రచయిత అయ్యుంటాడని ఊహాగానాలు. చివరికి ఒక చైనీస్ హోటల్లో అందరినీ కూర్చోబెట్టి నేనే అని చెప్పాడు. పేరున్న మనిషి పేరు దాచుకుని మరీ తెలుసుకోవాలనుకున్నది నీకు ఇప్పుడు ఊరికే దొరుకుతోంది. పేరు లేదు కాబట్టి నీ స్కిట్‌కి నవ్వారంటే అది స్కిట్‌కే నవ్వారు.

రాతలో ఒక్కటి నేర్చుకో అంటే, 'ఎట్ లాస్ట్ ది 1948 షో'లోని పుస్తకాల షాపు స్కెచ్ నేర్చుకో అంటాను. పేరులో 1948 ఉన్నా అది కూడా పైథాన్‌కి ముందే, 1967లో వచ్చింది. క్లీస్ షాపువాడు, ఫెల్డ్‌మన్ కస్టమరు. కస్టమరు ఎక్కడా లేని పుస్తకాలు ఒకదాని తర్వాత ఒకటి అడుగుతాడు. షాపువాడి మర్యాద సన్నగిల్లుతూ వస్తుంది. చివరికి ఎలాగో అడిగిన పుస్తకం దొరుకుతుంది. మామూలు రైటర్ అక్కడ ఆపేస్తాడు. వీళ్లు ఆపలేదు. కస్టమరు దగ్గర డబ్బుల్లేవు. చెక్కుబుక్కు లేదు. అసలు బ్యాంకు ఖాతానే లేదు. సరే, వదిలించుకుందామని షాపువాడే తన డబ్బుతో కొనిస్తాడు. అప్పుడు తెలుస్తుంది, అతనికి చదవడం రాదు. ఇక షాపువాడు కూర్చోబెట్టి చదివి వినిపించాలి. చూశావా, ప్రతి మెట్టు దగ్గరా ఇక అయిపోయిందనిపిస్తుంది, కింద ఇంకో మెట్టు ఉంటుంది. నీ రెండో స్కిట్, ఆ కరెంటు బిల్లు కట్టే కౌంటర్ దగ్గరది, సరిగ్గా మొదటి మెట్టు మీద ఆగిపోయింది. దాన్ని ఇంకో మూడు మెట్లు దించు, బంగారం అవుతుంది.

ఆ 1948 షో 13 ఎపిసోడ్ల టేపుల్లో చాలావరకు తుడిచేశారు. అప్పట్లో టేపు ఖరీదు ఎక్కువ, దాని మీదే మళ్లీ ఇంకోటి రికార్డు చేసేవాళ్లు. చాలా ఏళ్లు స్వీడన్ టీవీ కోసం అతికించిన ఐదు ఎపిసోడ్లే దిక్కయ్యాయి. నలుగురు యార్క్‌షైర్ పెద్దమనుషులు మేం ఎంత పేదరికంలో పెరిగామో అని పోటీపడే స్కెచ్ ఆ షోదే, జనం మాత్రం పైథాన్ వాళ్లదనుకుంటారు, ఎందుకంటే వాళ్లు దాన్ని తర్వాత స్టేజీ మీద ఆడుతూ వచ్చారు, 2014 లండన్ ప్రదర్శనల్లో కూడా. రాసిన కాగితం చేతిలో ఉంటే టేపు పోయినా స్కెచ్ మళ్లీ లేచి నిలబడుతుంది. నా మొదటి నలభై స్కిట్లు ఒక ఛానల్‌కి రాశాను, అక్కడ ఆఫీసు మారినప్పుడు క్యాసెట్లన్నీ పోయాయి, నా దగ్గర కార్బన్ కాపీలు కూడా లేవు. ఇప్పటికీ అందులో రెండు మూడు డైలాగులు సగం సగం గుర్తొచ్చి, మిగతా సగం ఎంతకీ గుర్తురాక ఆ రాత్రి నిద్ర పట్టదు. నువ్వు మాత్రం రాసిన ప్రతిదానికీ ఒక కాపీ తీసి తేదీ వేసి ఇంట్లో పెట్టుకో, ఫోన్‌లో ఉంది కదా అని ఊరుకోకు.

పిల్లల ప్రోగ్రామ్ వాళ్లకి ఫోన్ చేశాక ఎవరెవరు నటిస్తున్నారో అడిగి కనుక్కో, వీలైతే రిహార్సల్‌కి వెళ్లి వాళ్లు ఎలా నడుస్తారో, ఎక్కడ తడబడతారో చూసిరా. ఆ తర్వాతే మొదటి ఎపిసోడ్ రాయి. ఆదివారం పొద్దున నేను ఇంట్లోనే ఉంటాను, తీసుకురా, గట్టిగా చదివి వినిపిద్దువుగాని. మీ వదిన, పక్కింటి పిల్లలు కూడా ఉంటారు.

మీ అన్న