విదిలించుకున్నాడు అని రాయి

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. జగదాంబ దగ్గర సిటీబస్సులో కుర్రాడు ఫిట్స్ వచ్చి పడిపోగానే టిఫిన్ క్యారేజీ గిన్నెలు సీట్ల కింద దొర్లడం బాగుంది. ఏడో పేజీకి వచ్చేసరికి ఒళ్లు మండింది. 'స్పృహ వచ్చిన రోగి మృగంలా నర్సు మీద దాడి చేశాడు' అన్నావు. ముప్పై ఏళ్లు క్యాజువాల్టీలో నర్సుగా చేసినదాన్ని. ఆ వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టి లేచిపోయాను.

ఫిట్స్‌లో కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఆగినంత మాత్రాన స్పృహ వచ్చినట్టు కాదు. కళ్లు తెరుస్తాడు, లేచి కూర్చుంటాడు, చెప్పుల కోసం వెతుకుతాడు. మెదడు మాత్రం ఇంకా తేరుకోదు. కొన్ని నిమిషాలు, ఒక్కోసారి గంటలు. ఆ మసకలో నలుగురు మీదకు వంగి కాళ్లూ చేతులూ అదిమిపడితే ఎవరైనా ఏం చేస్తారు? విదిలించుకుంటారు. ఎదురుగా ఉన్నది నర్సో, కన్నతల్లో తెలియదు. క్రియాపదం తప్పితే కథే తప్పుతుంది నాయనా. 'దాడి చేశాడు' అని రాయబట్టే నీ తర్వాతి పేరాలోకి అతణ్ణి కట్టేసే తాళ్లు వచ్చాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి జాలరిపేట కుర్రాణ్ణి తెచ్చారు. ఫిట్స్ ఆగి మంచం దిగబోతుంటే పట్టుకోండని అరిచింది నేనే. కాళ్ల మీద బరువేసిందీ నేనే. అదిమినకొద్దీ గింజుకున్నాడు. నా గడియారం అద్దం పగిలి మణికట్టులో దిగింది. పెద్ద సిస్టరు వచ్చి అందర్నీ వెళ్లగొట్టింది. తలమీది లైటు ఆర్పి, స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, 'ఆస్పత్రిలో ఉన్నావు, ఏం ఫర్వాలేదు' అని అదే మాట అదే గొంతుతో చెబుతూనే ఉంది. ఆ మధ్యలోనే వేలు గుచ్చి షుగర్ చూసింది. అరగంటకి వాడు నా చేతివంక చూసి, 'అక్కా, సేతికేటయింది?' అన్నాడు.

నీ కథలో షుగర్ ఎవరూ చూడలేదు. షుగర్ పడిపోయినా ఫిట్స్ వస్తాయి, తిరగబడటమూ ఉంటుంది. గ్లూకోజ్‌తో తేరుకునేవాణ్ణి కట్టేస్తారా? ఆక్సిజన్ చూడాలి, తలకు దెబ్బ తగిలిందేమో తడమాలి. బోర్లా పడేసి వీపు మీద మోకాలు పెట్టించావు. అలా ఊపిరాడక ప్రాణాలు పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మత్తింజెక్షన్ అసలు వద్దనను. ఫిట్స్ 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా లోరాజెపామ్ లాంటిది ఇచ్చి తీరాలి. ఎవరికైనా ప్రాణాపాయం అనిపించినా మత్తిస్తారు, కానీ ఇచ్చాక ఊపిరి కనిపెట్టుకుని ఉంటారు. బస్సులో తాళాలగుత్తి చేతిలో పెట్టగానే ఫిట్స్ ఆగాయని రాసింది కొట్టెయ్. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. పేరు తాళాలకు వస్తుంది.

చివర్లో అతను అంతా గుర్తు తెచ్చుకుని నర్సు కాళ్ల మీద పడ్డాడు. చాలామందికి ఏదీ గుర్తుండదు. ఈ కొసమెరుపుల పిచ్చి ఎక్కణ్ణుంచి అంటిందో నాకు తెలుసు. జాలరిపేట కుర్రాడి కథ పంపితే ఒక వారపత్రిక సంపాదకుడు, 'కొట్లాట ఉంచండి, ఆ స్టూలు భాగం తీసేయండి, అక్కడ ఏమీ జరగట్లేదు' అన్నాడు. కథ వెనక్కి తెచ్చుకున్నాను. తొమ్మిదేళ్లు బీరువాలో ఉంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. ముందు ఒక రాత్రి నైట్ డ్యూటీ సిస్టర్లతో మాట్లాడి, ఏడో పేజీ మళ్లీ రాయి. అదొక్కటే పంపు. మిగతా కథ నా దగ్గరే ఉంది.