మెస్ బాకీ 18,600… దానికి బీటెక్ ఆపేస్తారా?

ప్రశ్న: మాది తాడిపత్రి. నాకు 44 ఏళ్లు, ఆటో నడుపుతాను. నా భార్య బట్టలు కుడుతుంది, పొదుపు సంఘంలో ఉంది. ఇద్దరికీ కలిపి నెలకు 22,000 వస్తుంది. మా పాప అనంతపురంలో యూనివర్సిటీ కాలేజీలో బీటెక్ రెండో ఏడాది ముగించింది. ప్రభుత్వమిచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యంగా పడుతోంది. మెస్ బాకీ 18,600 ఉంది, నాలుగు సప్లీలు (తప్పిన సబ్జెక్టులు) ఉన్నాయి. ఒక ఏడాది ఆపి, బెంగళూరులో షోరూంలో పనిచేసి మళ్లీ చేరతానంటోంది. నాకది ఇష్టం లేదు. ఫైనాన్షియర్ దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తీసుకుంటే బాకీ తీరుతుంది, ల్యాప్‌టాప్ కూడా వస్తుంది. ఇంట్లో నాలుగు తులాల బంగారం ఉంది. ఫిబ్రవరిలో 50,000 చీటీ చేతికొస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు: తండ్రీకూతుళ్లు చెరో తప్పు చేయబోతున్నారు. కర్నూలు, కడప వైపు ఇళ్లలోనూ ఇదే వరస, అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

ముందు మీ లెక్క. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. లక్షకు నెలకు 3,000. పాప చదువు ఇంకా రెండేళ్లు, అంటే వడ్డీయే 72,000. అప్పటికీ అసలు లక్ష అలాగే ఉంటుంది. 18,600 బాకీకి లక్ష అప్పేమిటండీ? కావాల్సింది బాకీ, సప్లీ ఫీజులు, చిల్లర ఖర్చులు కలిపి పాతిక వేలు. ఒక తులం బ్యాంకులో పెడితే చాలు. ఏడాదికి 10 శాతం వేసుకున్నా వడ్డీ 2,500. పొదుపు సంఘం అప్పు దొరికితే ఇంకా చవక. లోన్ యాప్‌ల జోలికైతే పోనే పోవద్దు.

ఇక పాప లెక్క. షోరూంలో 12,000 ఇచ్చారనుకుందాం. పేయింగ్ గెస్ట్ హాస్టలు, తిండి, రానుపోను ఖర్చులు పోను నెలకు మూడు వేలు మిగిలితే గొప్ప. ఏడాదికి 36,000. దానికోసం పోగొట్టుకునేది చూడండి. తిరిగొచ్చేసరికి జూనియర్లతో కూర్చోవాలి. ఈలోపు రెగ్యులేషన్ (యూనివర్సిటీ సిలబస్, నిబంధనలు) మారితే చదివిన సబ్జెక్టుల బదులు వేరేవి రాయాలి. రీయింబర్స్‌మెంట్ రెన్యువల్ చిక్కులో పడుతుంది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలా వాటికి సప్లీలు మిగిలి ఉంటే పనికిరాదు, చదువులో గ్యాప్ ఉన్నా ప్రశ్నలు వేస్తాయి. అన్నిటికీ మించి, చదువు ఆపిన ఆడపిల్లకు సంబంధాలు చూడటం మొదలవుతుంది. ఒక ఏడాదనుకుని ఆగి, తిరిగి చేరనివాళ్లు చాలామంది ఉంటారు.

అదే హాస్టల్లో టీచరుగారమ్మాయి ఇంటికి ఫోన్ చేస్తే సాయంత్రానికి మెస్ బిల్లు కట్టేస్తారు. మీ పాపకు అదే బిల్లు చదువు ఆపేసేంత పెద్దదైంది. ఇద్దరికీ సీటు ఒకటే, ట్యూషన్ ఫీజూ ఒకటే. తేడా ఆ పాతిక వేల దగ్గరే. అమెరికాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఇది గుర్తించింది. కొద్దిపాటి ఫీజు తక్కువపడి మానేసేవాళ్లకు 2011 నుంచి చిన్న గ్రాంట్లు ఇస్తోంది. మనకు అలాంటిది లేదు కాబట్టి ఆ గ్రాంటు ఇంట్లోనే తయారు చేసుకోవాలి.

ఎమర్జెన్సీ ఫండ్ (అత్యవసరానికి దాచే డబ్బు) అంటే జీతగాళ్ల వ్యవహారమనుకుంటారు. మీలాంటి ఇంటికే అది ఎక్కువ అవసరం. రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందో మీ చేతిలో లేదు, మెస్ బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. మీ లక్ష్యం 25,000. మూడు నెలల మెస్‌కు 12,000, రెండు సెమిస్టర్ల పరీక్ష, సప్లీ ఫీజులకు 5,000, మిగతాది జబ్బుకూ బస్సుకూ. ఫిబ్రవరి చీటీ డబ్బు రాగానే బంగారం విడిపించండి, మిగిలింది ఇందులో వేయండి. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా చాలు. భార్య పేరు మీద ఉండనివ్వండి, ఫోన్‌పేకు కలపొద్దు. చేతికందితే ఆటో టైరుకో పండక్కో పోతుంది. తీసిన ప్రతిసారీ తర్వాతి మూడు నెలల్లో తిరిగి నింపాలి. ఫిబ్రవరి దాకా నెలకు వెయ్యైనా వేయండి.

కాలేజీలో చేయాల్సిందీ ఉంది. రీయింబర్స్‌మెంట్ పెండింగ్ చూపించి, బాకీ రెండు కంతుల్లో కడతామని వార్డెన్ ద్వారా ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇవ్వండి. నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల జ్ఞానభూమి పోర్టల్లో పాప స్టేటస్ చూడండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ సరిగా లింకు కాకనో, హాజరు 75 శాతం లేకనో ఆగిపోయేవి చాలా ఉంటాయి. సప్లీల నోటిఫికేషన్ పడ్డ వారంలోనే ఫీజు కట్టాలి. గడువు దాటితే ఫైన్ పెరుగుతుంది, అదీ దాటితే మళ్లీ పరీక్షల దాకా ఆగాలి. నాలుగూ ఒకేసారి మీదేసుకోకుండా మొదటి ఏడాదివి ముందు రాయమనండి.

ఆటో నడిపే మీ పేరు మీద బ్యాంకులో కేంద్ర ప్రభుత్వ బీమాలు జీవన్ జ్యోతి (ఏడాదికి 436), సురక్షా బీమా (20) రెండూ తీసుకోండి. కవరు చెరో రెండు లక్షలు. ల్యాప్‌టాప్ మూడో ఏడాది మధ్యలో పాతదైనా చూడొచ్చు, అందాకా ల్యాబుంది.

ఫైనాన్షియర్ ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం అడిగి ఉంటే పెట్టొద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే, డబ్బు ముట్టకముందే వెళ్లి ఆ నోటు వెనక్కి తెచ్చుకోండి.