టెక్ సందేహాలు: ప్లేట్ డ్రమ్‌ను వదలడం లేదా? ముందు అది ఎక్కడ ఆగిందో చూడండి

ఫిల్మ్ తీసి, దాన్ని ప్లేట్‌పై పరిచి కాంతికి గురిచేసే పాత పద్ధతి పోయి, కంప్యూటర్‌లోని పేజీని లేజర్‌తో నేరుగా అల్యూమినియం ప్లేట్‌పైకి ఎక్కించే సీటీపీ (కంప్యూటర్-టు-ప్లేట్) యంత్రాలు ఇప్పుడు జిల్లా కేంద్రాల ఆఫ్‌సెట్ ప్రెస్‌ల్లో కూడా కనిపిస్తున్నాయి. ఈ యంత్రాన్నే ప్లేట్‌సెట్టర్ అంటారు. లేజర్ పని ముగిశాక ప్లేట్ బయటికి వచ్చే దశ (అన్‌లోడ్) గురించి ఈసారి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. మొదటి రెండింటిలో తెరపై కనిపించిన సందేశం దాదాపు ఒకటే అయినా కారణాలు వేరు, మిగతా రెండింటి సమస్యలూ వేరు కాబట్టి విడివిడిగానే జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాది విజయవాడలో నాలుగు పేజీల సైజు థర్మల్ (లేజర్ వేడితో పనిచేసే) సీటీపీ. లేజర్ పని పూర్తయ్యాక ప్లేట్ డ్రమ్ మీదే ఉండిపోయి అన్‌లోడ్ ఎర్రర్ వస్తోంది. పొద్దున్నే యంత్రం మొదలుపెట్టిన గంటలో ఈ బాధ ఎక్కువ. ఆపి మళ్లీ ఆన్ చేస్తే ప్లేట్ మామూలుగా వచ్చేస్తుంది. సర్వీస్ వారు సక్షన్ కప్పులు (ప్లేట్‌ను పీల్చి పట్టుకునే రబ్బరు కప్పులు) మార్చారు. కొన్నాళ్లు బాగా నడిచి మళ్లీ మొదలైంది. ఇంకేం మార్చాలి?

జవాబు: ఇంకేదైనా మార్చే ముందు, ప్లేట్ డ్రమ్‌ను వదిలే క్రమం మీ ఆపరేటర్‌కు కళ్లకు కట్టినట్టు తెలియాలి. మీ యంత్రం లాంటి ఎక్స్‌టర్నల్ డ్రమ్ రకంలో ప్లేట్ డ్రమ్ చుట్టూ చుట్టుకొని ఉంటుంది. ముందు అంచును ఒక వరుస క్లాంప్‌లు, వెనుక అంచును మరో వరుస క్లాంప్‌లు పట్టుకుంటాయి. మధ్య భాగాన్ని డ్రమ్‌లోని రంధ్రాల ద్వారా వ్యాక్యూమ్ లాగిపెడుతుంది. లేజర్ పని ముగిశాక డ్రమ్ నిర్ణీత స్థానంలో ఆగుతుంది, వ్యాక్యూమ్ తెగుతుంది, వెనుక క్లాంప్‌లు తెరుచుకుంటాయి. అప్పుడు వంగి ఉన్న అల్యూమినియం తన సహజ గుణం కొద్దీ నిటారుగా కావాలని చూసి వెనుక అంచు పైకి లేస్తుంది. ఆ లేచిన అంచును సక్షన్ కప్పులో రోలర్లో అందుకుంటాయి. డ్రమ్ వెనక్కి తిరుగుతూ ప్లేట్‌ను బయటికి నెడుతుంది. చివరగా ముందు క్లాంప్ వదులుతుంది. ప్రతి అడుగు దగ్గరా ఒక సెన్సార్ ‘అయింది’ అని చెప్పాలి. నిర్ణీత సమయంలో ఆ మాట రాకపోతే యంత్రం అన్నిటికీ కలిపి అన్‌లోడ్ ఎర్రర్ అనే పేరే పెడుతుంది. అంటే తెరపై ఉన్న సందేశం జబ్బు పేరు కాదు, ఒక గడువు దాటిందన్న సమాచారం మాత్రమే.

అందుకే ఈసారి ఎర్రర్ వచ్చినప్పుడు వెంటనే ఆపి ఆన్ చేయకండి. అలా చేస్తే యంత్రం తన భాగాలన్నిటినీ మొదటి స్థానాలకు తెచ్చుకొని, లోపల ప్లేట్ ఉందని గమనించి, మరోసారి బయటికి పంపే ప్రయత్నం చేస్తుంది. ప్లేట్ వస్తుంది, ఆధారం మాత్రం చెరిగిపోతుంది. ముందుగా పారదర్శకపు మూతలోంచి చూసి, వెనుక అంచు లేచిందా లేదా, లేచి ఉంటే కప్పులు దాన్ని తాకాయా, తాకి జారవిడిచాయా అన్నది ఒక పుస్తకంలో రాయండి. దాని పక్కనే ప్లేట్ సైజు, మందం, పెట్టె బ్యాచ్ నంబరు, ఎర్రర్ కోడ్, గంట కూడా రాయాలి. ఇలాంటి నమోదులు ఓ పది ఉంటే, విడిభాగాలు ఒకటొకటిగా మార్చి చూసే ఖర్చు చాలావరకు తప్పుతుంది.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన మాట ‘పొద్దున్నే’ అన్నది. సక్షన్ కప్పులే పాడైతే పొద్దున, మధ్యాహ్నం అన్న తేడా అంతగా ఉండదు. పొద్దున మాత్రమే ఉండి తర్వాత తగ్గే లోపం గాలికి సంబంధించినదై ఉండే అవకాశం ఎక్కువ. కంప్రెసర్ రాత్రంతా ఆగి ఉంటుంది. ట్యాంకులోని తేమ చల్లబడి నీరుగా అడుగున చేరుతుంది. కృష్ణా తీరపు వానాకాలంలో ఆ నీరు కొంచెమేమీ కాదు. ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వ్‌ను రోజూ తెరవకపోతే ఆ నీరు గొట్టాల గుండా యంత్రంలో కరెంటుతో తెరుచుకొని మూసుకునే చిన్న సోలెనాయిడ్ వాల్వ్‌ల దాకా వెళ్తుంది, అవి బిగుసుకొని ఆలస్యంగా కదులుతాయి. యంత్రం కాస్త వేడెక్కాక అవే మళ్లీ సర్దుకుంటాయి. కొత్త కప్పులు కొన్నాళ్లు పనిచేయడం కూడా ఈ అనుమానానికే బలమిస్తోంది. కొత్త రబ్బరు మెత్తగా ఉండి బలహీనమైన సక్షన్‌తోనే ప్లేట్‌ను పట్టుకోగలిగింది. దానిపై కాగితపు దుమ్ము చేరి కాస్త గట్టిపడగానే అసలు బలహీనత మళ్లీ బయటపడింది.

దీన్ని తేల్చుకోవడానికి రెండు పరీక్షలు చేయండి. మొదటిది, యంత్రానికి గాలి వెళ్లే చోట ఉన్న ప్రెషర్ మీటర్‌ను ఊరికే ఉన్నప్పుడు కాకుండా సరిగ్గా ప్లేట్ అన్‌లోడ్ అయ్యే క్షణంలో చూడండి. నిలకడగా ఉన్నప్పుడు మాన్యువల్‌లో చెప్పిన అంకె దగ్గరే ఉండి, క్లాంప్‌లు కదిలిన క్షణంలో ముల్లు బాగా కిందికి పడిపోతే, గాలి ఉంది కానీ అవసరానికి తగినంత వేగంగా అందడం లేదన్నమాట. ఫిల్టర్ మూసుకుపోవడమో, గొట్టం నలగడమో, అదే కంప్రెసర్‌పై కటింగ్, బైండింగ్ యంత్రాలను కూడా నడపడమో కారణం కావచ్చు. రెండోది, ఎర్రర్ రాగానే ఏమీ ముట్టకుండా రెండు నిమిషాలు ఆగి, అప్పుడు మెనూలోంచి అన్‌లోడ్ ఆదేశం ఇవ్వండి. యంత్రాన్ని ఆపకుండానే ప్లేట్ సులువుగా వచ్చేస్తే, డ్రమ్‌లో వ్యాక్యూమ్ వెంటనే తెగడం లేదని అనుమానించాలి. పంపు ఆగినా, బయటి గాలిని లోపలికి వదిలే వాల్వ్ తెరుచుకోకపోతే ప్లేట్ డ్రమ్‌కు అతుక్కునే ఉంటుంది. ఆ చిన్న వాల్వ్‌ను శుభ్రం చేయడమో మార్చడమో చాలు.

మందాన్ని కూడా మరచిపోవద్దు. 0.30 మిల్లీమీటర్ల ప్లేట్ క్లాంప్ తెరవగానే బలంగా లేస్తుంది. 0.15 మిల్లీమీటర్ల చిన్న ప్లేటుకు ఆ బలం ఉండదు కాబట్టి కాస్త మిగిలిన వ్యాక్యూమ్‌కూ డ్రమ్‌పై ఉన్న జిగటకూ కూడా లొంగిపోతుంది. మీ నమోదుల్లో పలుచని ప్లేట్లే ఎక్కువగా కనిపిస్తే, యంత్రం పూర్తిగా ఆగి ఉన్నప్పుడు, నూలు పోగులు వదలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి డ్రమ్ పైభాగాన్ని తుడిపించండి. ద్రవాన్ని నేరుగా డ్రమ్‌పై పోయకూడదు, లేజర్ హెడ్ అద్దాల వైపు చెయ్యే పోకూడదు. సాఫ్ట్‌వేర్‌లో నమోదైన మందం, సైజు, ట్రేలో ఉన్న ప్లేటుతో సరిపోతున్నాయా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. వెనుక అంచు ఎక్కడుందో యంత్రం ఆ అంకెలను బట్టే లెక్క వేసుకుంటుంది. పది మిల్లీమీటర్ల తేడా ఉన్నా కప్పులు ఖాళీ చోట దిగుతాయి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా యూనిట్‌లో ప్లేట్‌సెట్టర్, ప్రాసెసర్ (లేజర్ పడిన ప్లేట్‌ను డెవలపర్ ద్రవంతో కడిగే యంత్రం) ఆన్‌లైన్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటి, కలిపి ఉన్నాయి. ప్లేట్ డ్రమ్ నుంచి బాగానే బయటికి వస్తుంది, కానీ ప్రాసెసర్ ముందు, రెండు యంత్రాలనూ కలిపే బ్రిడ్జ్‌పై ఆగిపోతుంది. ప్లేట్‌సెట్టర్ అన్‌లోడ్ విఫలమైందని చెబుతుంది. ప్లేట్‌సెట్టర్ అమ్మినవారు ప్రాసెసర్‌దే తప్పు అంటారు, ప్రాసెసర్ వారు అటువైపు చూపిస్తారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఇద్దరినీ కాదు, ఒక చిన్న పరీక్షను నమ్మండి. ప్లేట్‌సెట్టర్‌ను ఆఫ్‌లైన్ పద్ధతికి మార్చి, ప్లేట్లను ప్రాసెసర్‌కు పంపకుండా టేబుల్ మీదికే వచ్చేలా చేసి, ఒక పూట పని అలాగే నడపండి. ప్లేట్లను చేత్తో ప్రాసెసర్‌లోకి ఇవ్వండి. ఆ పూటంతా ఎర్రర్ రాకపోతే ప్లేట్‌సెట్టర్‌లోని డ్రమ్, క్లాంప్, సక్షన్‌ల జోలికి ఎవరినీ పోనివ్వకండి. ఆ పరీక్ష ఫలితాన్ని కాగితంపై రాసి ఇద్దరు ఇంజనీర్లకూ ఒకేసారి చూపించండి.

ఈ రెండు యంత్రాల మధ్య ఒక కేబుల్ ద్వారా సంకేతాలు నడుస్తుంటాయి. నేను సిద్ధం అని ప్రాసెసర్ చెప్పాకే ప్లేట్‌సెట్టర్ ప్లేట్‌ను పూర్తిగా వదలాలి. డెవలపర్ నిర్ణీత ఉష్ణోగ్రతకు చేరకపోయినా, ప్రాసెసర్ స్టాండ్‌బైలోకి జారిపోయినా, లోపల ముందు ప్లేట్ ఇంకా కదులుతున్నా ఆ సంకేతం రాదు. కొత్త బ్రాండ్ ప్లేట్ల కోసం ప్రాసెసర్ వేగం తగ్గించి, ప్లేట్‌కూ ప్లేట్‌కూ మధ్య విరామాన్ని మాత్రం పాతదే ఉంచిన చోట్ల ఈ ఎర్రర్ రావడం సహజం, ఎందుకంటే ముందు ప్లేట్ తోక ఇంకా లోపలికి పోకముందే రెండోది తలుపు దగ్గరకు వచ్చేస్తుంది. బ్రిడ్జ్ మీద ఉన్న సెన్సార్ కంటికి దుమ్ము పట్టినా, ప్లేట్ల మధ్య పెట్టే ఇంటర్‌లీఫ్ కాగితం చిరిగిన ముక్క దానికి అడ్డుపడినా, అక్కడ ప్లేట్ ఉందనే యంత్రం భ్రమపడుతుంది. నేల కుంగి బ్రిడ్జ్ ఎత్తు ఒకవైపు తగ్గినా ప్లేట్ వంకరగా వెళ్లి ఇరుక్కుంటుంది కాబట్టి మట్టం పెట్టి చూడండి. చివరిగా, ప్రాసెసర్ లోపలికి లాగే మొదటి రోలర్లపై ఎండిన డెవలపర్ ఉప్పులా పేరుకొని ఉంటే ప్లేట్ జారుతుంది. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకొని గోరువెచ్చని నీటితో కడగండి, ఎందుకంటే డెవలపర్ క్షారం, చర్మాన్ని కాలుస్తుంది.

ప్రశ్న: పాత సీటీపీ యంత్రం కొన్నాం, మాన్యువల్ లేదు. అన్‌లోడ్ మూత దగ్గరి స్విచ్ పనిచేయడం లేదని ఒక మెకానిక్ తీగలు కలిపేసి నడపమంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: చేయకూడదు, ఒక్క పూటకైనా చేయకూడదు. థర్మల్ సీటీపీల్లో లేజర్ తరంగదైర్ఘ్యం సాధారణంగా 830 నానోమీటర్లు. అది పరారుణ కాంతి, కంటికి కనిపించదు. కనిపించదు కాబట్టి రెప్ప మూసుకోదు, కన్ను తప్పించుకోదు. నొప్పి తెలియకుండానే రెటీనా దెబ్బతింటుంది. యంత్రం మీద ‘క్లాస్ 1’ (మామూలు వాడకంలో లేజర్ ప్రమాదం లేదు) అని లేబుల్ ఉన్నా, ఆ హామీ మూతలన్నీ మూసి, స్విచ్‌లన్నీ పనిచేస్తున్నంత వరకే. దానికి తోడు డ్రమ్ నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంది. సరిగ్గా పట్టుకోని ప్లేట్ ఆ వేగంలో ఊడితే కత్తిలా దూసుకువస్తుంది. ఆ స్విచ్ ఉన్నది యంత్రం కోసం కాదు, దాని ముందు నిలబడే కుర్రవాడి కోసం. అసలు స్విచ్ ఖరీదు యంత్రం ఖరీదుతో పోలిస్తే లెక్కలోకే రాదు.

మాన్యువల్ సంగతికి వస్తే, యంత్రంపై ఉన్న పేరు ఒక్కటే చూసి వెతకకండి. జపాన్‌కు చెందిన స్క్రీన్ సంస్థ తయారుచేసిన ప్లేట్‌రైట్ యంత్రాలే ఫ్యూజీఫిల్మ్ లక్సెల్, ఆగ్ఫా అవలాన్, హైడెల్‌బర్గ్ టాప్‌సెట్టర్ పేర్లతోనూ అమ్ముడయ్యాయి. క్రియో సంస్థను కోడాక్ 2005లో కొనుగోలు చేసింది కాబట్టి ఆ సంస్థ తెచ్చిన ట్రెండ్‌సెట్టర్ యంత్రాల్లో పాతవాటిపై క్రియో పేరు ఉంటుంది, కొత్తవాటిపై కోడాక్ పేరు. వెనుక ఉన్న నేమ్‌ప్లేట్‌పై మోడల్, సీరియల్ నంబర్లను ఫోటో తీసి పెట్టుకుంటే, ఏ పేరుతో వచ్చిన మాన్యువలైనా, విడిభాగమైనా సరిపోతుందో లేదో పోల్చుకోవచ్చు. లోపల ఇరుక్కున్న ప్లేట్‌ను చేత్తో తీయాల్సి వస్తే మెయిన్ స్విచ్ ఆపి, డ్రమ్ పూర్తిగా నిలిచాక, మందపాటి గ్లౌజులతో క్లాంప్ తెరుచుకున్న వైపు నుంచే లాగాలి. క్లాంప్ పట్టుకొని ఉండగా లాగితే ఆ క్లాంప్ వంగిపోతుంది, అప్పటినుంచి ప్రతి ప్లేటుకూ అదే బాధ.

ప్రశ్న: విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. ప్లేట్ ఆగడం లేదు, కానీ బయటికి వచ్చే ప్రతి ప్లేట్‌పై ఒకే చోట సన్నని గీత పడుతోంది. ఏ రోలర్ మార్చాలి?

జవాబు: మార్చడానికి ముందు కొలవండి. గీత ప్లేట్ పక్క అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో కొలిచి, అదే కొలతను అన్‌లోడ్ దారిలోని రోలర్లు, గైడ్‌లు, సక్షన్ కప్పుల బ్రాకెట్లపై పెట్టి చూస్తే, దాని ఎదురుగానే దోషి కనిపిస్తుంది. గీత ప్లేట్ పొడవునా సాగితే కదలకుండా ఉన్న వస్తువేదో గీస్తోందని, సమాన దూరాల్లో మచ్చలుగా పడితే తిరిగే రోలర్‌పై ఏదో అంటుకుందని అర్థం. మచ్చల మధ్య దూరం ఏ రోలర్ చుట్టుకొలతతో సరిపోతుందో అదే మీరు వెతుకుతున్నది. గీత లోడింగ్ దశలోనే పడుతోందేమో తేల్చడానికి, లేజర్ పని జరగకముందే పని రద్దు చేసి ఒక ప్లేట్‌ను చేత్తో బయటికి తీసి వెలుగులో చూడండి. అప్పటికే గీత ఉంటే అన్‌లోడ్ వైపు విప్పాల్సిన పని లేదు.