పొద్దున సాధకం, సాయంత్రం రిలీజు

వెబ్ డెవలపర్లుగా ఉద్యోగం చేస్తూ ఊళ్లో సభల్లో, గుళ్లో, భజన సమాజాల్లో పాడేవాళ్లు, వాయించేవాళ్లు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది అమెరికా క్లయింటు. పొద్దున పదింటికి లాగిన్ అయితే రాత్రి తొమ్మిదిన్నరకి గానీ కాల్స్ తెమలవు. ఆ తర్వాత పాడదామని కూర్చుంటే గొంతు లేవడం లేదు, పై షడ్జం దగ్గర పట్టేస్తోంది. అందుకని ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు పాడుకుంటున్నాను. సరిపోతుందా?
– పాఠకురాలు, కొండాపూర్, హైదరాబాద్

జవాబు: సరిపోదండీ. ఆదివారం మూడు గంటల కన్నా రోజూ 35 నిమిషాలు మేలు. వారమంతా వాడని గొంతు గంట దాటేసరికి అలిసిపోయి శ్రుతి కిందికి జారుతుంది. ఆ తర్వాత పాడినదంతా ఆ జారుడునే అలవాటు చేసుకోవడం అవుతుంది.

రాత్రి గొంతు లేవకపోవడానికి చాలావరకు కారణం హెడ్‌సెట్. చెవులు పూర్తిగా మూసేసే హెడ్‌ఫోన్లలో మన గొంతు మనకే సరిగ్గా వినపడదు కాబట్టి తెలియకుండానే గట్టిగా మాట్లాడతాం. రోజుకు ఐదారు గంటలు అలా మాట్లాడాక పై షడ్జం పలకమంటే ఏ గొంతూ పలకదు. మీ హెడ్‌సెట్ యాప్‌లో సైడ్‌టోన్ అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి, మీ మాట మీ చెవిలో పడుతుంది. లేకపోతే ఒక చెవి వదిలేసి పెట్టుకోండి. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతూ ఉండండి.

సాధకం పొద్దున 6.15కి పెట్టుకోండి, ఫోన్ చూడకముందే. అమెరికా క్లయింటు ఉన్నవాళ్ల ఆఫీసు రాత్రి వైపు ఎంతైనా పెరుగుతుంది గానీ తెల్లవారుజాము వైపు పెరగడం అరుదు. తంబురా పెట్టుకుని మొదటి 5 నిమిషాలు మంద్ర పంచమం నుంచి మధ్య షడ్జం దాకా ఒక్కో స్వరం నిలపండి. తర్వాతి 10 నిమిషాలు సరళి, జంట వరుసలు అకారంలో, తాళం వేగం మార్చకుండా మూడు కాలాల్లో. ఆ పైన 15 నిమిషాలు ఒక వర్ణంలోనో కృతిలోనో ఒకే ఒక్క భాగం. చివరి 5 నిమిషాలు అదే భాగాన్ని ఫోన్‌లో రికార్డు చేసి వినడం.

ఆ 15 నిమిషాల దగ్గరే ఎక్కువమంది దారి తప్పుతారు. రోజూ పల్లవి నుంచి ఎత్తుకుంటారు, అనుపల్లవి దాటేసరికి టైమ్ అయిపోతుంది. నెల తిరిగేసరికి పల్లవి నున్నగా తయారవుతుంది, చరణం పుస్తకం చూస్తే తప్ప రాదు. మీరు చరణంతోనే మొదలుపెట్టండి. సాహిత్యం కంఠస్థం చేసే పనిని మెట్రోకో క్యాబ్‌కో వదిలేయండి, దానికి గొంతు అక్కర్లేదు. రాత్రి ఎంత పాడాలనిపించినా కాల్స్ తర్వాత మంద్రంలో సన్నగా కూనిరాగం వరకే. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: పదేళ్లుగా వయొలిన్ వాయిస్తున్నాను, ఆరేళ్లుగా ఫ్రంటెండ్ పని. రెండు నెలలుగా ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతున్నాయి. కీబోర్డు మారిస్తే తగ్గుతుందా? వయొలిన్ కొన్నాళ్లు మానాలా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తిమ్మిరి ఏ వేళ్లలో ఉందన్నదాన్ని బట్టి ఎక్కడ నొక్కుకుంటోందో చాలావరకు తెలుస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మణికట్టు దగ్గర. మీరు చెప్పిన రెండు వేళ్లకూ వెళ్లేది అల్నార్ నరం, అది మోచేతి లోపలి ఎముక వెనక గాడిలోంచి పోతుంది. మోచేయి మడిచి ఉంచినంతసేపూ ఆ నరం సాగుతుంది. అందుకే కీబోర్డు ఒక్కటీ మారిస్తే లాభం ఉండదు.

రోజంతా మీ ఎడమ మోచేయి ఎంతసేపు మడిచి ఉంటోందో చూడండి. వయొలిన్ పట్టుకున్నప్పుడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నప్పుడు. టైప్ చేస్తూ మోచేతిని బల్ల అంచుకు ఆనిస్తే ఆ గాడి మీదే బరువు పడుతుంది. నరానికి కమాను, కీబోర్డు, ఫోన్ అన్న తేడా లేదు, అంతా ఒకే ఖాతాలో పడుతుంది. కుర్చీ ఎత్తు పెంచి మోచేయి 90 డిగ్రీల కన్నా కాస్త ఎక్కువే తెరుచుకునేలా కూర్చోండి. ఫోన్ మాట్లాడాలంటే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. రాత్రి మోచేతి చుట్టూ తువ్వాలు వదులుగా చుట్టుకుని పడుకుంటే నిద్రలో చెయ్యి పూర్తిగా ముడుచుకోదు.

వయొలిన్ విషయానికొస్తే, మన పద్ధతిలో కింద కూర్చుని వాద్యం తలభాగాన్ని కుడిపాదం మీద, వెనకభాగాన్ని ఎడమ భుజం కింద ఛాతీకి ఆనిస్తాం. సరిగ్గా ఆనితే ఎడమచేతికి బరువు మోసే పనే ఉండదు, గమకాలకు స్వేచ్ఛగా జారుతుంది. పట్టు పంచె మీదో నున్నటి కుర్తా మీదో వయొలిన్ జారిపోతుంటే దాన్ని ఆపడానికి బొటనవేలు బిగుస్తుంది, ఆ బిగువు మోచేతి దాకా పాకుతుంది. ఛాతీ దగ్గర ఒక షామీ తోలు ముక్క, పాదం దగ్గర చిన్న రబ్బరు మ్యాట్ పెట్టండి. తీగలు పలక నుంచి మరీ ఎత్తులో ఉంటే నొక్కడానికి బలం ఎక్కువ కావాలి, వాద్యాలు బాగుచేసేవారి దగ్గర బ్రిడ్జి ఎత్తు సరిచేయించండి. తారస్థాయికి పోయేకొద్దీ చెయ్యి ఒంటి వైపు వచ్చి మోచేయి ఇంకా ముడుచుకుంటుంది కాబట్టి కొన్ని వారాలు పై స్థాయి సంచారాలు తగ్గించండి. 20 నిమిషాలు వాయించాక 5 నిమిషాలు చేతులు కిందికి వదిలేయండి. ల్యాప్‌టాప్ మూసిన వెంటనే కమాను పట్టొద్దు, మధ్యలో నడకో భోజనమో ఉండాలి.

మానాల్సిన అవసరం ఎప్పుడంటే, తిమ్మిరి రోజంతా ఉండిపోతున్నా, వేళ్లలో బలం తగ్గినా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పలచబడ్డా. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి, నరాల పరీక్ష చేస్తారు.

ప్రశ్న: మా ఊళ్లో త్యాగరాజ ఆరాధనకి పంచరత్న బృందగానంలో పాడతాను. రెండేళ్లుగా సరిగ్గా ఆరోజే ఆన్‌కాల్ (సైటులో తేడా వస్తే వెంటనే చూసే వంతు) నాకు పడుతోంది. ఏం చేయాలి?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు. ఇంగ్లిషు తేదీ ఏటా మారుతుంది గానీ ఉగాదికి పంచాంగం రాగానే తెలిసిపోతుంది. ఆరోజే టీమ్ క్యాలెండర్‌లో ముందురోజుతో కలిపి సెలవు పెట్టేయండి. రోస్టర్ తయారయ్యేటప్పుడు వారం మార్చమంటే ఎవరూ కాదనరు. ఆ వారంలో అడిగితే మొహమాటం, లేనిపోని రుణం. బదులుగా సంక్రాంతికి ఊరెళ్లే సహోద్యోగి వారం మీరు తీసుకుంటే ఇద్దరికీ హాయి.

ముందురోజు ప్రొడక్షన్‌కి, అంటే జనం వాడే అసలు సైటుకి, ఏదీ పంపకండి. తప్పనిసరైతే కొత్త ఫీచర్‌ను ఫ్లాగ్ (కోడ్‌లో ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనక పెట్టి, ఆపేసి పంపండి. కోడ్‌ను వెనక్కి తిప్పడం తేలికే, ఇబ్బంది పెట్టేది డేటాబేస్. పాత కాలమ్ తీసేసి కొత్తది పెట్టే మార్పు ఒకే రిలీజులో చేస్తే, వెనక్కి తిప్పిన పాత కోడ్ ఆ కాలమ్ కోసం వెతుక్కుని కూలిపోతుంది. ముందు కొత్త కాలమ్ చేర్చండి, కొన్నాళ్లు రెండిట్లోనూ రాయించండి, పాతదాన్ని తీసేయడం ఆరాధన అయ్యాకే. మీ బదులు చూసేవారికి ఒక పేజీ రాసివ్వండి: ఏం మారింది, వెనక్కి తిప్పే కమాండ్ ఏది, ఏ డ్యాష్‌బోర్డ్ చూడాలి, మీ తర్వాత ఎవరికి ఫోన్ చేయాలి.

ఇక పాట సంగతి. పంచరత్న కృతుల రాగాలు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఐదూ ఆదితాళమే. బృందంలో తడబడేది చరణాల వరస దగ్గర. స్వరం అయిపోయి సాహిత్యం ఎత్తుకునే చోటు, మళ్లీ పల్లవికి వచ్చే చోటు చీటీ మీద రాసుకుని, తాళం వేస్తూ ఆ అతుకులు మాత్రమే పాడుకోండి. నాటకు పది నిమిషాలు చాలు, వరాళికి నాలుగింతలు ఇవ్వండి.

ప్రశ్న: రాజమండ్రిలో ఉన్న గురువుగారి దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నాను. నేను తంబురా పెడితే ఆయనకి కాసేపు వినపడి మాయమైపోతోందట. కలిసి పాడితే తాళం కుదరడం లేదు. పైగా నవంబరులో, మార్చిలో క్లాసు టైమ్ గందరగోళం.
– పాఠకుడు, డల్లాస్

జవాబు: కాల్ యాప్ మనిషి మాట కోసం తయారైంది. మారకుండా ఒకే తీరుగా మోగే శబ్దాన్ని ఫ్యాన్ హోరు అనుకుని తీసేస్తుంది. తంబురా సరిగ్గా అలాంటి శబ్దమే. నిలిపి పాడిన షడ్జాన్ని కూడా మధ్యలో మింగేస్తుంది. జూమ్‌లో అయితే ఆడియో సెట్టింగుల్లో సంగీతకారుల కోసం ‘ఒరిజినల్ సౌండ్’ ఉంది, అది ఎంచుకుని మీటింగులో ఆన్ చేయండి. గురువుగారి వైపూ ఆన్ చేయించాలి. ఎకో క్యాన్సిలేషన్ తీసేస్తే ఇద్దరూ వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాల్సిందే, లేదంటే స్పీకర్‌లో వచ్చింది మళ్లీ మైక్‌లో పడుతుంది. బ్లూటూత్ వద్దు, అదే ఇంకో ఆలస్యం తెచ్చిపెడుతుంది.

కలిసి పాడటం మాత్రం వదులుకోండి. మీ ఇద్దరి మధ్య దూరం 14 వేల కిలోమీటర్లకు పైనే. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు. మీరు ఆయన్ని విని పాడింది ఆయనకు చేరేసరికి కనీసం 140. దానికి రూటర్లు, యాప్ బఫర్లు తోడవుతాయి. సెకనుకో అక్షరం చొప్పున, అక్షరానికి నాలుగు స్వరాలు పాడితే ఒక్కో స్వరం 250 మిల్లీసెకన్లే. ఏ సెట్టింగూ దీన్ని బాగుచేయలేదు. ఆయన పాడాక మీరు పాడండి, ఎవరి తాళం వాళ్లు వేసుకోండి. తంబురా కూడా ఎవరిది వాళ్ల గదిలోనే మోగాలి, ఒకే శ్రుతిలో.

టైమ్ గొడవకు మందు ఒకటే: క్యాలెండర్ ఆహ్వానం భారత కాలమానంలో పెట్టండి. గురువుగారికి పొద్దున 6.30 అంటే మీకు చలికాలంలో ముందురోజు రాత్రి 7, మార్చి రెండో ఆదివారం నుంచి 8. మారాల్సింది మీ గడియారమే, ఆయనది కాదు.

ప్రశ్న: మా భజన సమాజం కోసం తంబురా, తాళం వినిపించే వెబ్ పేజీ చేస్తున్నాను. తంబురా లూప్ దగ్గర టిక్కుమని ఆగుతోంది, తాళం ఒక్కోసారి తడబడుతోంది. నాలుగు శ్రుతి నుంచి పైవన్నీ తప్పుగా వస్తున్నాయి.
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: మంచి పని పెట్టుకున్నారు. మూడింటికీ మూడు కారణాలు.

ఎంపీ3 ఎన్‌కోడర్లు ఫైలు మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుస్తాయి. మీకు వినపడే టిక్కు అదే. వేవ్ ఫైలు తీసుకుని, వెబ్ ఆడియోలో బఫర్‌గా డీకోడ్ చేసి లూప్ చేయండి. 44,100 శాంపిల్ రేటులో 20 సెకన్ల మోనో శబ్దానికి మెమరీలో సుమారు 3.5 ఎంబీ అవుతుంది, పాత ఫోన్లకూ బరువు కాదు. లూప్ నాలుగు తీగల ఆవృత్తం, అంటే పంచమం, సారణి, సారణి (మధ్య షడ్జం తీగలు), మంద్రం (కింది షడ్జం తీగ), పూర్తయిన చోటే తిరగాలి.

తాళం తడబడేది సెట్‌ఇంటర్వెల్ అనే జావాస్క్రిప్ట్ టైమర్ వల్ల. స్క్రీన్ మీద ఇంకేదైనా పని జరిగితే అది ఆలస్యమవుతుంది, ట్యాబ్ వెనక్కి వెళ్తే బ్రౌజర్ టైమర్లను సెకనుకొకసారికి తగ్గించవచ్చు. దెబ్బ పడాల్సిన క్షణాన్ని ఆడియో కాంటెక్స్ట్ గడియారంతోనే నిర్ణయించండి. ప్రతి 25 మిల్లీసెకన్లకు లేచి రాబోయే 100 మిల్లీసెకన్ల దెబ్బల్ని ముందే షెడ్యూల్ చేసే టైమర్ రాయండి. పేజీ కనపడనప్పుడు ఆ 100ను 2,000 చేయండి. ఆదితాళంలో 4, 2, 2 విడివిడిగా తెలిసేలా లఘువు మొదటి దెబ్బకు ఒక శబ్దం, ద్రుతాల దెబ్బలకు మరొకటి ఇస్తే భజనలో కొత్తవాళ్లు కూడా సమం పట్టుకుంటారు.

శ్రుతుల తప్పు లెక్కలో ఉంది. అరశ్రుతికి ఒక మెట్టు చొప్పున సూత్రం రాసినట్టున్నారు. హార్మోనియం మీద చూడండి, మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు లేదు, మూడున్నర అనే శ్రుతే లేదు. అందుకే నాలుగు దగ్గర్నుంచి ఒక మెట్టు పైకి పోతోంది. సూత్రం తీసేసి పట్టిక పెట్టండి: 1, 1½, 2, 2½, 3, 4, 4½, 5, 5½, 6, 6½, 7, వరసగా సున్నా నుంచి 11 మెట్లు. ఒక్కో మెట్టుకు ప్లేబ్యాక్ రేటు 1.0595 రెట్లు. ఒకే రికార్డింగును రెండు మెట్ల కన్నా ఎక్కువ లాగితే తంబురా నాదం బొమ్మ శబ్దంలా అవుతుంది కాబట్టి రెండు మూడు శ్రుతుల్లో విడిగా రికార్డు చేసుకోండి.

పంచమాన్ని మాత్రం మెట్ల లెక్కన పెట్టకండి. మంద్ర షడ్జం 130.81 హెర్ట్జ్ అయితే శుద్ధమైన పంచమం దానికి ఒకటిన్నర రెట్లు, 196.22. మెట్ల లెక్కన 196.00 వస్తుంది. తేడా చిన్నదే అయినా రెండు సెకన్లకోసారి అల లేచి పడుతున్నట్టు వినపడుతుంది. పంచమం లేని హిందోళం, శ్రీరంజని పాడేవాళ్ల కోసం మధ్యమం బటన్ కూడా ఉంచండి, షడ్జానికి 4/3 రెట్లు. పేజీ తెరవగానే శబ్దం రాదు, వేలితో తాకాకే బ్రౌజర్ ఒప్పుకుంటుంది, కాబట్టి పెద్ద బటన్ పెట్టండి. ఐఫోన్‌లో రావడం లేదని ఎవరైనా అంటే ముందు సైలెంట్ స్విచ్ చూడమనండి.

ఇంకో మాట. ఈ కోడ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాయొద్దు. ఉద్యోగంలో ఉండగా రాసినవన్నీ కంపెనీవే అనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. మీది చదివి, అవసరమైతే హెచ్ఆర్ నుంచి ఒక మెయిల్‌లో అనుమతి తీసుకోండి.

ప్రశ్న: అపార్టుమెంట్‌లో రాత్రి పదిన్నర తర్వాతే మృదంగానికి టైమ్ దొరుకుతోంది. కింది ఫ్లాటు వాళ్లు ఊరుకోవడం లేదు.
– పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వాళ్లదే న్యాయం. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్, మృదంగం దాన్ని సులువుగా దాటుతుంది. రాత్రి చేతితో తాళం వేస్తూ జతులు (తకధిమి లాంటి మాటలు) నోటితో చెప్పుకోండి, లెక్కలన్నీ అలాగే గట్టిపడతాయి. వేళ్ల వరసలు మందంగా మడిచిన దుప్పటి మీద వాయించుకోవచ్చు. అయితే ధీం, చాపు దెబ్బల నాదం దుప్పటి మీద రాదు, వాటికి శని, ఆదివారాల పగలు ఉంచుకోండి. అప్పుడు కూడా కింద మందపాటి తివాచీ వేస్తే నేల గుండా పోయే అదురు తగ్గుతుంది. తొప్పికి (ఎడమవైపు ముఖానికి) పెట్టిన రవ్వ ముద్దను వాయించడం కాగానే గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచేయండి, ఎండిపోనిస్తే తోలు పట్టేస్తుంది. వాద్యాన్ని ఏసీ గాలి తగిలేచోట పెట్టొద్దు, ఎండలో నిలిపిన కారులో అసలే వద్దు.