ఖాళీ కుర్చీతో మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

వినోద పార్కు ఆటలతో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాలని నీవు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. విషయంలో తప్పు లేదు. కానీ స్థితిశక్తి, గతిశక్తి, జడత్వం అంటూ నిర్వచనాలు పేర్చుకుంటూ పోయి, నాలుగో పేజీ దాకా ఒక్క పిల్లవాణ్ణీ రోలర్ కోస్టర్ బండి ఎక్కించలేదు. ముందు ఒంటికి తెలియాలి, తరువాత పేరు తెలియాలి.

గొలుసులకు వేలాడే కుర్చీలు గుండ్రంగా తిరిగే ఆటను ఒకసారి కింద నిలబడి చూడు. వేగం పెరిగేకొద్దీ కుర్చీలు బయటికి వాలుతాయి. ఒకే వరుసలోని ఖాళీ కుర్చీ, భారీ మనిషి కూర్చున్న కుర్చీ, ఆరేళ్ల పాప కుర్చీ దాదాపు ఒకే వాలులో తిరుగుతుంటాయి. దీన్ని మొదటిసారి గమనించిన రోజు ఆట ఆగేదాకా నేను అక్కడి నుంచి కదలలేదు. బరువైన కుర్చీ తక్కువ వాలుతుందని పందెం కాసిన పిల్లవాడికి నీవు వెంటనే జవాబు అందించవద్దు, కాసేపు తికమకపడనివ్వు. ద్రవ్యరాశి పెరిగితే భూమి లాగే బలమూ, గుండ్రంగా తిప్పడానికి కావలసిన బలమూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి కనుక వాలు మారదన్న మాట ఆ తరువాతే రావాలి.

మలుపులో ఏదో బయటికి నెట్టిందని పిల్లలంటే కొట్టిపారేయకు. శరీరం తిన్నగా పోబోతుంటే బండి గోడ దాన్ని లోపలికి నెడుతోందని, భుజానికి తగిలిన ఒత్తిడి అదేనని చూపించు.

అంకెలు మానవద్దు. 20 మీటర్ల ఎత్తున నిశ్చలంగా ఉండి జారిన బండి, ఘర్షణను పక్కన పెడితే, కిందికి చేరేసరికి గంటకు సుమారు 71 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఇద్దరున్నా ఇరవైమంది ఉన్నా అంతే.

చరిత్ర కూడా ఒంటి అనుభవం వెంటే రావాలి. 1895లో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో నడిచిన ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అనే రోలర్ కోస్టర్‌లో, బండిని తలకిందులుగా తిప్పే వలయం దాదాపు పూర్తి వృత్తం కావడంతో ప్రయాణికుల మెడలపై విపరీతమైన ఒత్తిడి పడేది. 1976లో జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ రూపకల్పనతో అమెరికాలో వచ్చిన రివల్యూషన్ అనే రోలర్ కోస్టర్‌లో వలయం కన్నీటి బొట్టులా ఉంటుంది: వేగం ఎక్కువగా ఉండే కిందిభాగంలో వంపు విశాలం, వేగం తగ్గే పైభాగంలో ఇరుకు. ఆ బొమ్మను నీవే గీసి వ్యాసంలో పెట్టు.

మొదటి మూడు పేజీలు తీసేసి, ఆ ఖాళీ కుర్చీతో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.