పిల్లల్లో వచ్చే నార్కోలెప్సీ పెద్దవాళ్ళలోలాగే ఉంటుందా, వేరేగా ఉంటుందా?

ప్రశ్న అడిగినావిడ, తన ఏడేళ్ళ పాప బడిలో నిద్రపోతోందనీ, చదివినచోటల్లా పెద్దవాళ్ళ లక్షణాలే ఉన్నాయనీ, పిల్లల్లో కూడా అలాగే ఉంటుందా అనీ రాశారు. ఉండదండి. చాలా తేడా ఉంటుంది. మాది ఒడిశాలో బరంపురం. మా బాబుకి మూడో తరగతిలో ఈ నార్కోలెప్సీ, అంటే పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు, మొదలైంది. మా ఆయన పట్టుచీరల కొట్లో గుమాస్తాగా ఉన్న అన్నయ్యగారికీ ఇదే జబ్బు. ఆయనకీ మాకూ చుట్టరికం లేదు, కానీ రోజూ ఇద్దర్నీ చూస్తున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఒక మాట. పిల్లల్లో ఈ జబ్బుని నిద్రని బట్టే పట్టుకుందామంటే అన్నిసార్లూ దొరకదు. మా వాడు మొదట్లో అసలు మత్తుగా ఉండేవాడే కాదు. నిద్ర ఆపుకునే పిల్లవాడు ఒక్కోసారి తూగడు, చిందులేస్తాడు. కుదురుండదు, ఊరికే ఏడుపు, చెల్లెల్ని గిల్లడం, పలక విసిరికొట్టడం. బడి డైరీ నిండా 'అల్లరి ఎక్కువ, శ్రద్ధ లేదు' అనే రాసేవారు, ఆ తర్వాత అదే టీచరు 'ఇంట్లో త్వరగా పడుకోబెట్టండి' అని రాశారు, రాత్రి ఎనిమిదింటికల్లా పడుకునే పిల్లాడికి! ఒక్క పూట పిల్లవాడి ముఖం తేరిపార చూసి ఉంటే ఈ రెండు ముక్కలూ రాయబుద్ధయ్యేది కాదు.

రెండోది బరువు. ఇది పెద్దవాళ్ళలోనూ ఉంటుంది కానీ పిల్లల్లో జబ్బు మొదలైన కొత్తలో ఒక్కసారిగా పెరుగుతారు. మా వాడికి జూన్‌లో కుట్టించిన యూనిఫాం దీపావళికే బొత్తాలు పట్టలేదు. తిండి పెరగలేదు, నేనే కదా పెట్టేది. చుట్టాలంతా చిప్స్ మానిపించమని, థైరాయిడ్ చూపించమని సలహాలిచ్చారు. కొంతమంది పిల్లలు ఈడుకి ముందే ఎదగడం కూడా ఉంటుందట, ఆడపిల్ల కాబట్టి మీరు అదీ గమనించుకోండి.

ఇక అసలు సంగతి. రెండేళ్ళకోసారి మా ఊళ్ళో బుఢీ ఠాకురాణి జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో ఊరు ఊరంతా వేషాలే, మొక్కున్నవాళ్ళు రకరకాల వేషాలు కట్టి అమ్మవారి దగ్గరికి వెళ్తారు. పులివేషం వచ్చిందంటే పిల్లలు ఇంట్లో ఆగరు. ఆ సాయంత్రం పులివేషమతను మా అరుగు ముందు ఆగి, మా వాడి చేతిలోని బఠాణీల పొట్లం లాక్కోబోయినట్టు చేశాడు. వాడు పడీపడీ నవ్వాడు. అలా నవ్వుతుండగానే ముఖం జారిపోయింది. రెప్పలు సగం వాలాయి, కింది దవడ వేలాడింది, నాలుక కొస పెదవి మీదికి వచ్చింది, తల ముందుకి ఊగి, లేచి, మళ్ళీ ఊగింది. పొట్లం జారి బఠాణీలు అరుగంతా దొర్లాయి. తర్వాత మోకాళ్ళు మడతపడి మెల్లిగా కూలబడ్డాడు, దబ్బున పడలేదు. డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఎవరో 'అమ్మ పూనింది' అన్నారు, అంతే, వేపమండలు వచ్చాయి, పసుపునీళ్ళు వచ్చాయి, ఒకావిడ వాడి కాళ్ళకి దణ్ణం పెట్టి తన కూతురి పెళ్ళెప్పుడవుతుందో చెప్పమంది. నిమిషం కూడా అయి ఉండదు, వాడు లేచి కూర్చుని నన్ను చూసి, 'అమ్మా, ఆవిడ కూతురి పెళ్ళి సంగతి నాకేం తెలుసు?' అన్నాడు.

అంటే మొత్తం విన్నాడన్నమాట. అదీ క్యాటప్లెక్సీ అంటే. స్పృహ పోదు, ఒంట్లో పట్టు మాత్రం పోతుంది. పెద్దవాళ్ళలో ఇది దాదాపు ఎప్పుడూ నవ్వుకో, ఆశ్చర్యానికో, కోపానికో వస్తుంది. గుమాస్తా అన్నయ్యగారికి ఎవరైనా మంచి జోకు చెబితే కాళ్ళు తేలిపోతాయి, చెయ్యి బల్లకి ఆనించుకుంటారు, కాసేపటికి సర్దుకుంటుంది. పిల్లల్లో కొత్తలో అలా లెక్కగా రాదు. నవ్వకపోయినా వస్తుంది. రోజంతా ముఖం వేలాడేసుకుని ఉండటం, నాలుక బయటికి రావడం, తాగినవాళ్ళలా తూలుతూ నడవడం, ముఖం వంకర్లు పోవడం, ఇవన్నీ అదే. చూసినవాళ్ళు కావాలని వెక్కిరిస్తున్నాడనుకుంటారు. బడిలో మా వాడికి దెబ్బలు పడింది దీనికే, ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

మేం మొదట చూపించిన డాక్టరుగారు మూర్ఛ అన్నారు. తలకి వైర్లు పెట్టి తీసే ఈఈజీ మామూలుగా వచ్చినా సరే మూర్ఛ మందు రాశారు. ఆ మందుకి వాడు ఇంకా మత్తుగా తయారయ్యాడు. అత్తగారు తాయెత్తు కట్టించారు, ఆవిడ భయం ఆవిడది, నేను కాదనలేదు. చివరికి రైలెక్కి విశాఖ వెళ్ళాం. అక్కడ న్యూరాలజిస్టుకి మేం నోటితో చెప్పిందేదీ అంతగా పనికి రాలేదు, మా తోటికోడలు పులివేషం కోసం ఫోనులో తీసిన వీడియోలో మా వాడు కూలబడటం పడింది, అది చూసి ఆయన తల ఊపారు.

పరీక్ష ఎలా ఉంటుందంటే, రాత్రంతా వైర్లతో పడుకోబెట్టి రికార్డు చేస్తారు, మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి, నాలుగైదుసార్లు, పడుకోమంటారు. దాన్ని ఎం.ఎస్.ఎల్.టి. అంటారు. సగటున 8 నిమిషాల్లోపు నిద్రపట్టి, కనీసం రెండుసార్లు కలల నిద్రలోకి త్వరగా జారిపోతే నార్కోలెప్సీ అంటారు. మరీ చిన్నపిల్లల్లో ఈ లెక్కలు అంత నమ్మకంగా సరిపోవు, అందుకే డాక్టర్లు మిగతా లక్షణాలు కూడా కలిపి చూస్తారు. పెద్దవాళ్ళ దగ్గర తంటా వేరు. గురకపెట్టి ఊపిరాగే జబ్బుందా, నైట్ డ్యూటీలా, తాగుతారా, దిగులు జబ్బా, ఇన్ని తేల్చుకుంటే గానీ దీని దగ్గరికి రారు.

అన్నయ్యగారికి ఆ తేల్చుకునే భాగ్యం కూడా దక్కలేదు. ఖల్లికోట్ కాలేజీలో చదువుకునే రోజుల నుంచీ ఉందట, నలభై దాటాక మా వాణ్ణి చూశాకే ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళారు. కొట్లో పాత బిల్లుబుక్కులు తీసి చూస్తే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. చీర పేరు, ధర శుభ్రంగా మొదలవుతాయి, మూడో వరసకి అక్షరాలు ముద్దగా అయిపోతాయి, చివర ఒక గీత పేజీ కిందిదాకా జారిపోయి ఉంటుంది. రాస్తూ రాస్తూ నిద్రలోకి వెళ్ళిపోయినా చెయ్యి మాత్రం ఆగలేదన్నమాట. వెనకాల అందరూ తాగొచ్చాడనేవారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి!

ఆయనకి ఒక పావుగంట కునుకు తీస్తే ముఖం తేటగా అవుతుంది, రెండుగంటలు బండి నడుస్తుంది. మా వాడు అలా కాదు, బడి నుంచి వచ్చి పడుకుంటే చీకటిపడేదాకా లేవడు, లేచినా ఏడుస్తూ లేస్తాడు. పిల్లల కునుకులు పొడుగు, తేరుకోవడం తక్కువ. రాత్రుళ్ళు ఇద్దరికీ నిద్ర ముక్కలుముక్కలే. నిద్ర పట్టేముందు వచ్చే భ్రమల గురించి అన్నయ్యగారు 'గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంటుందమ్మా, కదల్లేను' అని చెప్పగలరు. పిల్లలకి అలా చెప్పడం చేతకాదు. తలుపు దగ్గర ఎవరో ఉన్నారని పక్క ఎక్కనని పేచీ పెడతారు, మనం పీడకల అనుకుని జోకొడతాం.

కారణం మాత్రం ఇద్దరికీ ఒకటే. మెదడులో హైపోథాలమస్ అనేచోట ఒరెక్సిన్ అనే రసాయనం తయారుచేసే కణాలుంటాయి, ఆ ఒరెక్సిన్‌ని 1998లో కనిపెట్టారు. మనిషిని మెలకువగా ఉంచేది అదే, ఆకలికీ ఒంటి ఖర్చుకీ కూడా దానితో సంబంధం ఉంది. క్యాటప్లెక్సీ ఉన్న రకంలో ఆ కణాలు దాదాపు అన్నీ పోతాయి. మన రోగనిరోధక శక్తే పొరపాటున వాటిమీద పడుతుందని డాక్టర్లు అనుకుంటున్నారు. పోయినవి తిరిగి రావు. చాలామందికి ఇది 10 నుంచి 20 ఏళ్ళ మధ్యే మొదలవుతుంది కాబట్టి నా ఉద్దేశంలో పెద్దల నార్కోలెప్సీ అని వేరే ఏదీ లేదు. చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోని పిల్లలే ఆ పెద్దవాళ్ళు. మీరు పిల్లల్లో చూసేది కొత్తగా వచ్చి ఒళ్ళంతా కుదిపేస్తున్న జబ్బు, పెద్దవాళ్ళలో చూసేది ఏళ్ళ తరబడి కుదురుకున్న జబ్బు. మా వాడికి కూడా ముఖం జారడం ఇప్పుడు తగ్గింది, నవ్వినప్పుడే వస్తోంది.

ఇంకోటి, ఎవరో ఒకరు మీకు టీకాల వల్ల వచ్చిందని చెప్తారు, నాకూ చెప్పారు. 2009 స్వైన్‌ఫ్లూ అప్పుడు యూరప్‌లో వేసిన పాండెమ్రిక్స్ అనే టీకా తర్వాత ఫిన్లాండ్, స్వీడన్‌లలో పిల్లల్లో, కుర్రవాళ్ళలో నార్కోలెప్సీ కేసులు పెరిగిన మాట నిజం. ఆ టీకా ఇప్పుడు వాడకంలో లేదు. దాన్ని పట్టుకుని పాపకి మిగతా టీకాలు మానేయకండి.

మందులు మాత్రం మీరు కొట్లో అడిగి కొనకండి. అన్నయ్యగారు మోడాఫినిల్ వేసుకుంటారు, అది పెద్దవాళ్ళ కోసం వచ్చిన మందు, పిల్లలకి ఇవ్వాలంటే నిద్రజబ్బుల గురించి తెలిసిన డాక్టరు చూసుకుని ఇవ్వాలి. మా వాడికి మిథైల్‌ఫెనిడేట్‌తో మొదలుపెట్టారు. మందుతో పాటు మధ్యాహ్నం కునుకు తప్పనిసరి. దానికోసం బడిలో ఒక చాప వేసుకునే చోటు అడగడానికి మేం పడిన పాట్లు చెప్పలేను. వైకల్యాల చట్టం 2016లో వచ్చింది, 21 రకాలు పెట్టారు, అందులో నార్కోలెప్సీ పేరే లేదు. బడివాళ్ళు దయ తలిస్తే తప్ప గట్టిగా అడగడానికి మా చేతిలో కాగితం లేకపోయింది. నాకు దీనిమీద చాలా కోపం ఉంది. పరీక్షలో ఒక పావుగంట ఎక్కువిస్తే ఎవరి సొమ్ము పోతుంది?

మీ పాప విషయానికొస్తే, నవ్వుతున్నప్పుడు, తింటున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు ముఖం కనబడేలా వీడియోలు తీసిపెట్టుకోండి. కిందటేడు, ఈ ఏడు బరువులు బడి రికార్డులోంచి రాయించుకోండి. రెండు వారాలు ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది ఒక నోట్‌బుక్కులో రాయండి. ఇవి పట్టుకుని పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి, అపాయింట్‌మెంట్ తీసుకునేముందే ఆ ఆస్పత్రికి ఫోన్ చేసి పిల్లలకి ఎం.ఎస్.ఎల్.టి. చేస్తారా లేదా అడగండి, చేయకపోతే ఎక్కడ చేస్తారో వాళ్ళనే అడిగి నేరుగా అక్కడికే వెళ్ళండి.